రెండు దాటాక

మిల్డూరా నుంచి బ్రోకెన్ హిల్ వెళ్ళే విమానం రద్దయిందని పదకొండూ ఇరవైకి చెప్పారు. గాల్లో అయితే గంట. రోడ్డు మీద మూడొందల కిలోమీటర్లు, మూడు గంటలు. మా తమ్ముడు క్లైవ్ గుండె ఆపరేషన్‌కి ఆ ఊరి నుంచి ఇవాళే అడిలైడ్ వెళ్తున్నాడు.

ఏడేళ్లుగా మాటల్లేవు. అయినా ఫోన్ చేశాను.

"కారులో వస్తున్నా."

"నా ఫ్లైట్ రెండింటికి. నీ తోలుడికి అందదు. వచ్చి ఖాళీ రన్‌వే చూస్తావా?" పెట్టేశాడు.

పెట్రోలు కోసం ఒకసారి, రోడ్డుకడ్డంగా నిలబడ్డ ఈము పక్షుల కోసం ఒకసారి ఆగాను. మిగతా అంతా నూట ఇరవైలోనే. కారు గడియారంలో రెండయింది. ఇంకా నలభై కిలోమీటర్లుంది. వాణ్ణి తిట్టుకుంటూ తోలాను.

రెండూ ఇరవైకి ఎయిర్‌పోర్టు చేరాను. బెంచీ మీద క్లైవ్, పక్కన సంచీ.

"విమానం పోలేదా?"

"ఇక్కడింకా ఒకటీ యాభయ్యే. మాది అడిలైడ్ టైం, మీకన్నా అరగంట వెనక. పుట్టిన ఊరి గడియారం కూడా మర్చిపోయావు."

"మర్చిపోయాను."

"మర్చిపోతావని తెలుసు. రెండు కాగానే వెనక్కి తిరుగుతావనుకున్నా."

సంచీ కింద పెట్టి చోటిచ్చాడు.

"మరి రెండు దాటాక ఎవరికోసం వచ్చావక్కా?"