పందొమ్మిదో నంబరు

పందొమ్మిదో నంబరు మైకు ముందుకొచ్చి నిలబడ్డాడు. మాట్లాడలేదు.

ఊపిరి పీల్చాడు. వదిలాడు.

ఆ చప్పుడు ఊరి ఫైర్ స్టేషన్ హాలంతా పాకింది. ఖాళీ గొట్టంలో ఏదో ఈడ్చుకుపోతున్నట్టుంది.

మొదటి వరుసలో కూర్చున్న లాయరు గ్రెగ్ యాబ్లోన్‌స్కీ గడియారం చూసుకున్నాడు. మూడూ నలభై ఆరు.

నాలుగింటికి విచారణ ముగుస్తుంది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా రికార్డులోకి ఎక్కదు.

కరెంటు ప్లాంటు తరఫున అతనికి మిగిలింది ఒకే సాక్షి, ఎమిల్ హ్రూస్కా. ఇంకా రాలేదు.

ఈ విచారణకి మూలం, శాసనసభలో రెండేళ్లు కొట్టుకుని పెన్సిల్వేనియా తెచ్చుకున్న చట్టం. టన్ను కార్బన్ వదలాలంటే టన్నుకో పర్మిట్ ఉండాలి. పాత పొగ కొలతలనుబట్టి కొన్ని ఉచితం, మిగతావి వేలంలో. ప్లాంటువి దొంగ కొలతలని ప్రభుత్వ వాదన. అదే నెగ్గితే ఉచిత పర్మిట్లు పోయి ప్లాంటు మూత, రెండువందల పదిమంది ఇంటికి.

ఆ కొలతలు తీసింది ఎమిలే. వచ్చి అవి సరైనవేనంటే చాలు.

"వస్తాడంటావా?" యూనియన్ నాయకురాలు డొలోరెస్ గొంతు తగ్గించి అడిగింది.

"వస్తానని ఉత్తరం రాశాడు. కాగితం మీద కాదు, ఊరి ముందే చెబుతాడట."

"ఫోన్ చేసి చూడకపోయావా?"

"ఫోన్‌లో మాట్లాడడట."

"బాగానే వెతికి పట్టావు. మొహమైనా తెలుసా?"

"నువ్వే చెప్పాలి. మీ ప్లాంటు మనిషేగా."

"నేను చేరేసరికే మానేశాడు. ఇరవయ్యేళ్లు చిమ్నీ పైగదిలో ఒక్కడే. ఎవరికి తెలుస్తుంది?"

మైకులో మళ్లీ ఊపిరి. ఈసారి చివర సన్నటి ఈల.

వెనక పియరోగీ కుడుములు తింటున్నవాళ్లు ఫోర్కులు ఆపేశారు.

మైకు ముందున్న ముసలివాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. కళ్లు మాత్రం గ్రెగ్ మీదే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

గ్రెగ్ డొలోరెస్ వైపు వంగాడు.

"నాటకం," అన్నాడు. "మన పొగకి ఊపిరాడట్లేదని చూపించడానికి ప్రభుత్వంవాళ్లు తెచ్చిన మనిషి."

"ఏం తాతా, మాటలు ఇంట్లో మర్చిపోయావా?" వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వబోయినవాళ్లు నవ్వలేకపోయారు.

ఒక్కొక్కరికి ఇచ్చే మూడు నిమిషాలూ అయ్యాయి. ఎర్రదీపం వెలిగింది.

విచారణాధికారి బెర్నీస్ క్రాల్ ముందుకు వంగింది. ఆమె ముందు, మాట్లాడేవాళ్లు పేరూ వివరాలూ రాసిచ్చిన చీట్లు సీలు వేసిన పెట్టెలో ఉన్నాయి. పోయినసారి పేర్లు చదువుతుంటే కుర్చీలు గాల్లోకి లేచాయి. అప్పట్నుంచీ నంబర్లే పిలుస్తారు. చీట్లు విప్పేది అంతా అయ్యాకే.

"పెద్దాయనా, ఇంకో రెండు నిమిషాలు కావాలా? ఎవరికీ అభ్యంతరం లేకపోతే ఇస్తాను."

"నాకుంది," గ్రెగ్ లేచాడు. "నా సాక్షి దారిలో ఉన్నాడు. ఈయన కోసం ఆ టైము పోగొట్టుకోలేను."

ముసలివాడు అతనివైపు చెయ్యెత్తాడు, ఆగమన్నట్టు. పెదాలు కదిలాయి.

బెర్నీస్ మైకు ఆపేసింది.

ఊపిరి చప్పుడు మాత్రం ఆగలేదు. మైకు లేకుండానే చివరి వరుసదాకా వినిపించింది. అతను ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్లాడు. తలుపు మూసుకున్నాక కూడా కాసేపు వినిపించింది.

ఇరవై, ఇరవై ఒకటి నంబర్లవాళ్లు మాట్లాడారు. వాళ్లు ఆగిన ప్రతిచోటా గ్రెగ్ చెవిలో అదే ఈల.

నాలుగైంది. బెర్నీస్ సుత్తి కొట్టింది. రికార్డు మూసేశారు.

"ఎగ్గొట్టాడు నీ మనిషి," అంది డొలోరెస్.

గ్రెగ్ కాగితాలు సర్దుకుంటున్నాడు. బెర్నీస్ పెట్టె సీలు తెంచి చీట్లు తిరగేస్తూ పందొమ్మిదో నంబరు దగ్గర ఆగిపోయింది.

"ప్రత్యేక అవసరాలు అన్నచోట రాశాడు, సీలు ఉండి చూడలేదు. 'మాట పెగలడానికి నాకు అయిదు నిమిషాలు పడుతుంది, దయచేసి ఆగండి' అని."

ఆమె చీటీని గ్రెగ్ ముందుకు జరిపింది.

ఎవరి తరఫున అన్నచోట ప్లాంటు పేరుంది. దానిపైన, వంకర టింకర అక్షరాల్లో, ఎమిల్ హ్రూస్కా.