రావాల్సింది అరవై తొమ్మిది

"రీడింగు ఎనభై! ఇక గేటు తాళం తియ్యవయ్యా సత్తియ్యా," అన్నాడు ఫ్యాక్టరీ మేనేజర్ జానకిరామ్.

సత్తియ్య కదల్లేదు. గేటు తెరిస్తే ట్యాంకులోని ఫ్యాక్టరీ విషపు నీళ్ళు అతని వాళ్ళంతా వలలేసే కాలువలో కలుస్తాయి. అందుకే తాళంచెవి ఊరి తరఫున అతని దగ్గరుంది.

"ఉషమ్మా, విషం పోయినట్టేనా?"

పరీక్షకొచ్చిన ల్యాబ్ కెమిస్టు ఉషారాణి ఫ్లోరైడ్ కొలిచే మీటరు మళ్ళీ చూసింది. "ఆ విషం విరిగితే ఫ్లోరైడ్ బయటికొస్తుంది బాబాయ్. విషాన్ని విరగ్గొట్టే మెషిన్ వెయ్యకముందు నేనే కొలిచాను. విషం లీటరుకి వంద మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ సున్నా. విషం మొత్తం విరిగితే ఫ్లోరైడ్ అరవై తొమ్మిది మిల్లీగ్రాములు రావాలి."

"ఎనభై వచ్చిందిగా మేడమ్! ఇంకా మంచిదేగా!"

"అంతకుమించి రావడానికి ఆ విషంలో అంత ఫ్లోరిన్ లేదండీ. మిగతా పదకొండు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

జానకిరామ్ నుదురు తుడుచుకున్నాడు. పరీక్షకు సీసా నింపి తెచ్చింది అతనే.

"పోనీ, అరవై తొమ్మిదనే రాసెయ్యండి మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి.

అంతవరకూ లెక్క అంతుబట్టని సత్తియ్యకు ఆ ఒక్క మాటతో సీసాలో ఏదో కలిపి తెచ్చాడని అర్థమైంది. లేచి ఉషారాణి ముందు చెయ్యి చాపాడు.

"ఇంకో సీసా ఇవ్వమ్మా. ఈసారి నీళ్ళు నేను ముంచుకొస్తాను."