మాటల్లేవు

"ఆవిడకు చెప్పావా?" డ్రమ్స్ వాయించే పళ్ల డాక్టరు గుసగుసగా అడిగాడు.

"వింటే ఆవిడకే తెలుస్తుంది," అన్నాడు గిటారిస్టు చెమట తుడుచుకుంటూ.

ఆవిడంటే గిటారిస్టు అత్తగారు. లెక్కల టీచరుగా రిటైరయ్యారు గానీ, ఆ చూపు ఇంకా రిటైరవలేదు. ఆర్నెల్లు వీళ్ల బ్యాండుకు మేడమీద గది ఇచ్చి, చల్లనివన్నీ మానేసి, గోరువెచ్చని నీళ్లతో నెట్టుకొచ్చారు. తీరా పోయిన వారం ఆల్బం విడుదలయ్యే వేళకు చిన్నకూతురింట్లో ఉన్నారు. "ఫోన్లో వద్దు, మనింట్లో పెద్ద స్పీకర్లలోనే వింటాను," అని ఇవాళే దిగారు, అక్కడి వియ్యపురాలిని వెంటబెట్టుకుని మరీ. ఆవిడకు కోపమొస్తే డ్రమ్ములు వీధిలో ఉంటాయి.

ఆల్బం మాత్రం ఊరంతా వింటోంది. పోస్ట్‌రాక్, మొత్తం వాయిద్యాలే. "ఒక్క మాట లేకుండా ఇంత ఏడిపించారేమిటండీ!" అని రేడియో అమ్మాయి అడిగితే, "కొన్ని వినపడకుండా ఉంటేనే బాగుంటాయండీ," అన్నాడు గిటారిస్టు. అందరూ చప్పట్లు కొట్టారు. అతని భార్య తల కొట్టుకుంది.

ఇప్పుడు కూడా ఆమె వంటింట్లోంచి బయటికి రానంది. "మీరూ మా అమ్మా తేల్చుకోండి. నన్ను మధ్యలోకి లాగకండి."

అత్తగారు సోఫాలో నిటారుగా కూర్చున్నారు. "జాగ్రత్తగా వినండి వదినగారూ," అన్నారు వియ్యపురాలితో.

గిటారు ఒక్కటే మెల్లగా మొదలైంది. మూడో ట్రాక్‌కి వియ్యపురాలు కళ్లజోడు తీసేశారు. ఐదో దాంట్లో అన్నీ కలిసి ఉవ్వెత్తున లేచి, ఠక్కున ఆగి, ఒక్క తీగె మోగుతూ మిగిలింది. అత్తగారు కొంగు కళ్లకద్దుకున్నారు.

"మీ మామగారి స్కూటరు సందు తిరుగుతున్నట్టుంది బాబూ. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇవాళ మళ్లీ గుమ్మంలోకి వచ్చినట్టుంది."

గిటారిస్టుకు ఇన్ని పొగడ్తల్లో ఏదీ ఇంత లోపలికి దిగలేదు. ఇన్నాళ్లూ ఈవిడకా భయపడ్డాను అని సిగ్గు కూడా వేసింది.

"గది మీదే," అన్నారావిడ. "ఎన్నాళ్లయినా వాయించుకోండి."

పళ్ల డాక్టరు బతుకుజీవుడా అనుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. చివరి ట్రాక్ కూడా అయిపోయింది. అత్తగారు ఇంకా స్పీకర్ల వైపే చూస్తున్నారు.

"ఇంతకీ నేను పాడింది ఎప్పుడొస్తుంది బాబూ?"