బాతుపిల్ల జిడ్డు

ఒక దొడ్లో చుక్కలకోడి ఒకటి బాతుగుడ్డును పొదిగి, పుట్టిన పిల్లను కంటికి రెప్పలా పెంచింది. రోజూ చల్లారిన బూడిదలో పొర్లించి, "ఇది ముక్కు, ఇది రెక్క, ఇది తోక. తోక మొదట్లో పాడు జిడ్డు ఊరుతుంది, బాగా రుద్దుకో తల్లీ" అని నేర్పేది.

ఓనాడు పిల్ల ఆశగా కుంటలోకి దూకింది. ఈకలు తడిసి ముద్దయ్యాయి. "అమ్మా!" అంటూ మునిగిపోయింది.

కుంటలోని ముసలిబాతు దాన్ని ఒడ్డుకు తెచ్చేసరికే ప్రాణం పోయింది. "ఆ జిడ్డు ఈకలకు పూసుకుంటేనే కదే మేము నీళ్లమీద తేలేది! ఏ మహాతల్లి తుడిచేసిందే?" అని ఏడ్చింది.

కేక విని ఒడ్డుకు పరుగెత్తుకొచ్చిన కోడి ఆ మాటలు విన్నది. పిల్లను బూడిదలోకి ఈడ్చుకెళ్లి, అలవాటుకొద్దీ ముక్కు తుడిచింది, రెక్క తుడిచింది. తోక దగ్గరికొచ్చి ఆగిపోయింది.