ఏడో రాకెట్

మూడుసార్లు రంగు మార్చుకుని ఎగ్జిబిషన్‌లో ముప్పై ఏళ్లు పిల్లల్ని తిప్పిన రాకెట్ల చక్రాన్ని మర్నాడు పొద్దున్నే పాత ఇనుము కింద కోసేస్తారు. మొదటినుంచీ దాన్ని నడిపిన ఆపరేటర్ ఆ రాత్రి చివరిసారిగా ఖాళీగా తిప్పాడు. లోపల కూర్చున్నవాళ్లు పిడి లాగితేనే గాలి ఒత్తిడికి రాకెట్ పైకి లేస్తుంది.

ఏడోది లేచింది.

"గాలి గొట్టం కారుతోందేమో బావా," అన్నాడు పక్కనున్న బావమరిది.

"కారితే దిగాలి గానీ లేస్తుందిట్రా?"

చక్రం ఆపాడు. ఏడోది నెమ్మదిగా దిగింది. అన్నిటికీ తను తెరిచి ఉంచిన, సీటు ముందరి అడ్డకడ్డీ దానికొక్కదానికే వేసి ఉంది. దాన్ని బయటినుంచే తీయాలి. లోపలివాళ్లకు రాదు.

"పోదాం పద బావా. పొద్దున వాళ్లే కోసుకుంటారు."

"ఎక్కినవాళ్లని దించకుండా ఏనాడైనా ఇంటికెళ్లానట్రా?"

మెట్లెక్కి చెయ్యి చాచాడు. ఎవరో పట్టుకునే ఉన్నట్టు కడ్డీ వెచ్చగా ఉంది.