ఫైనల్లో పచ్చజెండా

"నా గోలు దాకా వచ్చావా?"

జయదేవ్ వంటింట్లోకి తొంగిచూసి ఈ మాట అడగడం పొద్దుటి నుంచి నాలుగోసారి.

"2004లో ఉన్నాను. మీ గోలు 2011లో. ఏడేళ్ళు ఓపిక పట్టండి," అంది సూర్యకుమారి, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా. పక్కన పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. బయట బర్నబీ వాన, ఎప్పటిలాగే, ఆగే ఉద్దేశం లేకుండా పడుతోంది.

కోవిడ్ రెండేళ్ళూ తీసేస్తే ప్రాంతీయ జూనియర్ హర్లింగ్ చాంపియన్‌షిప్‌కి ఈ ఏటితో పాతికేళ్ళు. సావనీర్‌కి చరిత్ర రాసే తీరిక క్లబ్బులో ఎవరికీ లేకపోయింది. "మా ఆవిడది ఎమ్మే హిస్టరీ, ఇంట్లోనే ఉంటుంది" అని జయదేవ్ చెయ్యెత్తి వచ్చాడు. మొఘలుల మీద చదివిన చదువు కెనడాలో ఐరిష్ కర్రలాటకి పనికొస్తుందని పాఠం చెప్పినవాళ్ళు కూడా అనుకుని ఉండరు. ఫైలు సాయంత్రం ఐదింటికల్లా ప్రెస్సుకి వెళ్ళాలి.

తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చిన అత్తగారు సీతాదేవి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అడిగింది.

"జూనియర్ అంటే పిల్లలది కదే? అప్పటికే ముప్పయ్యారేళ్ళవాణ్ణి ఎలా ఆడనిచ్చారు?"

"ఇక్కడ జూనియర్ అంటే వయసు కాదత్తయ్యా. ఆట అంతంత మాత్రం వచ్చినవాళ్ళకి వేరే పోటీ."

"అంతంత మాత్రమా!" జయదేవ్ అప్పడాల కర్ర అందుకున్నాడు. "అమ్మా, నువ్వు చూడు. రెండు పాయింట్లు వెనకున్నాం. ఆఖరి నిమిషం. కుండపోత వాన. బంతి నా కర్ర మీదకొచ్చింది. కొట్టాను!"

చిక్కుడుకాయల బుట్ట పక్కకి జరుపుకుంది సీతాదేవి.

"గోలు స్తంభాలకి అడ్డంగా ఓ కర్ర ఉంటుంది. దాని కిందనుంచి దూరితే గోలు. మూడు పాయింట్లు, గోలు పక్కన నిలబడే అంపైరు పచ్చజెండా ఎత్తుతాడు. పైనుంచి పోతే ఒక్క పాయింటే, తెల్లజెండా. ఏది లేచిందనుకున్నావ్? పచ్చది! ఒక్క పాయింటు తేడాతో కప్పు మాది!"

"తెల్లజెండా ఓడిపోయినవాళ్ళు కదుట్రా ఎత్తేది? మీ నాన్న రైలు గార్డుగా ఉన్నన్నాళ్ళూ అంతా సవ్యంగా ఉందంటే పచ్చదే ఊపేవారు."

"కొత్తవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారత్తయ్యా," అంది సూర్యకుమారి నీరసంగా.

ఈ గోలు కథ ఆమె పద్నాలుగేళ్ళుగా వింటోంది. ప్రతి పాట్‌లక్‌లో, ప్రతి గృహప్రవేశంలో, ఓసారి డెంటిస్టు కుర్చీ పక్కన నిలబడి కూడా. ఎక్కడ నవ్వాలో ఎక్కడ "అబ్బ!" అనాలో ఆమెకి నోటికొచ్చు. కప్పుతో దిగిన ఫోటో టీవీ పైన, దేవుడి పటాలకంటే కాస్త పెద్ద సైజులో ఉంది.

ఫోన్ మోగింది. డెక్లన్. ఆ రోజు అవతలి జట్టు గోల్‌కీపర్. అరవై దాటాయి, మోకాలు మార్పించుకున్నాడు. ఆమె పేరు సగానికి మించి పలకలేడు.

"సూర్యా, నా సంగతి రాశావా?"

"ఇంకా లేదండీ."

"ఆ బంతి అడ్డకర్ర మీంచి పోయింది. జానెడు ఎత్తున. నేను చూశాను. అది గోలు కాదు, పాయింటే. పద్నాలుగేళ్ళుగా చెబుతున్నా, ఒక్కడూ నమ్మడు. అందరూ నన్ను జల్లెడ అంటారు. మనవరాలు కూడా. మా క్లబ్బు ఒక్క కప్పూ ఎరక్కుండానే మూతపడింది. నాకు కప్పొద్దు. ఒక్క వాక్యం రాయి, చాలు."

"చరిత్రకి సాక్ష్యం కావాలి కదండీ. ఆ అంపైరు ఎవరో మీకు గుర్తుందా?"

"మొహం కనబడితే కదా! అసలు అంపైరు ఫోనొచ్చిందని కోటూ జెండాలూ వెనకాల నిలబడ్డవాళ్ళెవరికో తగిలించి పోయాడు. కొత్తాయన ముక్కు దాకా హుడ్ లాగేసుకున్నాడు. విజిల్ మోగాక చూస్తే తెల్లకోటు కంచె మీద వేలాడుతోంది, మనిషి లేడు."

ఫోన్ పెట్టేశాక జయదేవ్ నిట్టూర్చాడు.

"పాపం ముసలాయన. అలాగని నువ్వు కరిగిపోకు సూరీ. జెండా లేచాక మాట లేదు. అయినా నువ్వేం చూశావు గనక? ఆ రోజు చలికి తాళలేక కార్లో హీటర్ వేసుకుని పడుకున్నావు."

సూర్యకుమారి లేచి పొయ్యి కట్టేసింది.

"ఆ అంపైరే వచ్చి పొరపాటైందంటే?"

"నా చేత్తో ఆ ఫోటో దించేస్తాను. పద్నాలుగేళ్ళు రానివాడు ఇప్పుడొస్తాడా?"

"మాట మీద ఉంటారా?"

"అమ్మ సాక్షి."

"నన్నెందుకురా మధ్యలో లాగుతావు?" అంది సీతాదేవి.

నాలుగూ నలభై. జయదేవ్ హాల్లోకి వెళ్ళి ఫోటో అద్దం తుడుస్తున్నాడు. ఈల కూడా వేస్తున్నాడు. ఆ ఈల ఆమెకి ఇష్టమే. అదే వచ్చిన చిక్కు.

సూర్యకుమారి లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని 2011 పేజీ తెరిచింది. తర్వాత మెల్లగా టైపు చేసింది: "2011 ఫైనల్. చివరి బంతి అడ్డకర్ర పైనుంచి పోయింది. పాయింటే. పచ్చజెండా పొరపాటు."

ఆ కింద పాత రికార్డుల్లోంచి ఎక్కించిన పట్టికలో జట్ల పేర్లున్నాయి, రిఫరీ పేరుంది. "అంపైరు" అన్న చోట మాత్రం పద్నాలుగేళ్ళుగా ఖాళీ.

ఆ ఖాళీలో సూర్యకుమారి తన పేరు రాసింది.