మనిషి రాసిన లిఫ్టు

మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఆగిపోయింది. దాని ప్రోగ్రామ్ రాసింది లోపలున్న వైదేహే. యంత్రాలు తప్పు రాయవు కాబట్టి తప్పుంటేనే మనిషి పని అని ఈ రోజుల్లో నమ్ముతారు. మనిషి రాసిందే కావాలన్నవాళ్ల కోసం ఆమె కావాలనే ఒక తప్పు పెట్టింది: తాముండే మూడో అంతస్తులో దిగాల్సినవాళ్లకి మాత్రం లిఫ్టు ఇలా దాటిపోయి ఇరుక్కుంటుంది.

"ఫోనుందిగా, సరిచెయ్యి," అన్నాడు భర్త ఫణీంద్ర.

"తప్పు లేకపోతే నన్నూ యంత్రమంటారు. ఇంకెవరూ పనివ్వరండీ. కావాలంటే ఈ తప్పుని వేరే అంతస్తుకి మార్చాలి. ఎవరింటి ముందు పెట్టమంటారు?"

ఫణీంద్ర ఒక్కో ఇల్లూ తలుచుకున్నాడు. రెండులో గుండెజబ్బు పెద్దాయన. నాలుగులో చంటిపిల్ల తల్లి. ఐదులో నిండు చూలాలు.

చివరికి కింద చతికిలబడి కూరల సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"మెకానిక్‌కి ఫోన్ చెయ్యి. వచ్చేలోపు చిక్కుళ్లకి ఈనెలు తీద్దాం, కూర్చో."